నష్టము దాచని వర్తకుడు – బనారసీదాసు

దీపావళినాడు జైన వర్తకుల ఇండ్లలో రెండు పనులు జరుగుతవి. తెల్లవారుజామున మహావీరస్వామి నిర్వాణమును తలచుకొని పూజ చేయుట ఒకటి. కొత్త లెక్కల పుస్తకమును తెరచుట రెండవది. పాత పుస్తకమును మూసే ముందు ఆ యేటి లాభనష్టములు తేల్చవలె. లాభము వచ్చిన యేడు ఆ పని ఉత్సాహముగానే సాగుతుంది. నష్టము వచ్చిన యేడు కలము చేతికి బరువవుతుంది. ఆ యేడు కూడ ఉన్నది ఉన్నట్టు వ్రాయగలవానినే బజారు నమ్ముతుంది.

మొగలు చక్రవర్తుల కాలమున ఆగ్రా నగరములో అట్టి వర్తకుడు ఒకడు ఉండేవాడు. అతడు దుకాణపు లెక్కలతో ఊరుకొనలేదు. ఏబదియైదేండ్ల వయస్సులో, 1641వ సంవత్సరమున, తన బ్రతుకు లెక్కనే పద్యములలో వ్రాసిపెట్టినాడు. అందులో జమకంటె ఖర్చే ఎక్కువ. పోయిన సరుకులు, తీర్చలేని బాకీలు, చేసిన తప్పులు, నవ్వులపాలైన నమ్మకములు, కండ్లముందే పోయిన తొమ్మండుగురు బిడ్డలు – ఏదీ అతడు దాచలేదు. ఆ గ్రంథము పేరు అర్ధకథానకము. ఆ వర్తకుని పేరు బనారసీదాసు. హిందీలో తొలి ఆత్మకథగా పండితులు ఆ గ్రంథమును లెక్కిస్తారు. జైన సమాజమునకు మాత్రము అతడు సమయసార నాటకమును రచించిన కవిగా ఎక్కువ పరిచితుడు.

అతడు రణరంగమున కత్తి పట్టినవాడు కాడు. ఘోరతపస్సు చేసిన మునియు కాడు. అకారణముగా ఒక్కొక్కప్పుడు భయము తనను పట్టుకొంటుందని తన కథలో తానే ఒప్పుకొన్నాడు. అట్టి మనిషికి ధైర్యము ఎక్కడ దొరికినది? అంగడి వీధిలో, సత్రపు వాకిట, అత్తవారింట, అప్పు పెట్టిన కచోరీల దుకాణము ముందర దొరికినది. కొద్దికొద్దిగా, ఆలస్యముగా దొరికినది.

బనారసీదాసు శ్రీమాల వంశమున పుట్టినవాడు. అతని తాత మూలదాసు మాళవదేశమున నర్వరులో ఒక మొగలు సర్దారు వద్ద మోదీగా ఉండి మరణించినాడు. ఆయన పోగానే సర్దారు ఆ ఇంటిలోని ఆస్తినంతను స్వాధీనము చేసుకొన్నాడు. భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు చిన్న కొడుకు ఖరగసేనుని వెంటబెట్టుకొని, జౌన్‌పూరులో రత్నవర్తకుడైన తన తండ్రి ఇల్లు చేరుకొన్నది. ఆ నీడనే ఖరగసేనుడు పెరిగి, బెంగాలులో కొంతకాలము ఉద్యోగము చేసి, ఆగ్రాలో వ్యాపారము చూచి, చివరకు జౌన్‌పూరులో రత్నవర్తకుడుగా స్థిరపడినాడు. సంతానము కొరకు అతడు భార్యతో రోహతక్కు సతీదేవి మ్రొక్కుకు బయలుదేరినప్పుడు దారిలో దొంగలు కట్టుబట్టలు తప్ప సర్వము దోచుకొన్నారు. ఇల్లంటే కొల్లపోగలదనీ, కొల్లపోయిన తరువాత మళ్ళీ పొయ్యి వెలిగించవలసినదేననీ బనారసీదాసు పుట్టకముందే ఆ కుటుంబమునకు తెలుసు.

1586లో, అనగా విక్రమ సంవత్సరము 1643లో, అతడు జౌన్‌పూరులో పుట్టినాడు. మొదట పెట్టిన పేరు విక్రమాజీతు. కొన్ని నెలల పిల్లవానిని తల్లిదండ్రులు కాశికి తీసికొనిపోయి పార్శ్వనాథస్వామి పాదముల వద్ద ఉంచినారు. పార్శ్వప్రభువు జన్మించిన ఊరి పేరు పెడితే బిడ్డ చిరంజీవి అవుతాడని యక్షుడు తనకు తెలిపినట్లు అక్కడి పూజారి చెప్పినాడు. అందుచేత పిల్లవాడు బనారసీదాసు అయినాడు. పెద్దవాడైన తరువాత అతడు ఈ సంగతి వ్రాస్తూ, పూజారి చేసినది దొంగధ్యానమని మొగమాటము లేకుండ చెప్పినాడు. తన పేరు పుట్టిన కథను కూడ అతడు ఒరగల్లు మీద గీచి చూచినాడు.

పదకొండవ యేట అతనికి ఖైరాబాదు కన్యతో వివాహమైనది. కొత్త కోడలు గడపలో కాలు పెట్టిన రోజుననే ఆ ఇంట ఒక ఆడబిడ్డ పుట్టినది, పండు ముదుసలి ఒకరు కన్నుమూసినారు. పుట్టుక, పెండ్లి, చావు మూడును ఒక కప్పు క్రింద, ఒక పగటిలో జరిగినవి. సంసారమంటే ఏమిటో ఆ బాలునికి ఎవరును బోధించనక్కరలేకపోయినది.

మరుసటి యేడే, 1598లో, పెద్ద ఆపద వచ్చినది. జౌన్‌పూరు పాలకుడు కిలీచుఖాను ఏదో గొప్ప వస్తువును కోరినాడు. రత్నవర్తకులు తేలేకపోయినారు. అతడు వారినందరిని చెరలో వేసి, కొరడాలతో కొట్టించి వదలినాడు. వర్తకులు ఊరు విడిచి తలొక దిక్కుకు పారిపోయినారు. ఖరగసేనుడు భార్యాబిడ్డలతో షాజాద్‌పూరు చేరగా, కరంచందు అనే వర్తకుడు తన ఇంటిని, అందులోని ధాన్యముతో, పడకలతో సహా వారికి అప్పగించినాడు. తరువాత తండ్రి వ్యాపారముమీద అలహాబాదు వెళ్ళగా, పన్నెండేండ్ల బనారసీదాసు గవ్వలు కొని అమ్మడము మొదలుపెట్టినాడు. రోజుకు వచ్చే ఒకటి రెండు చిల్లరకాసులను తెచ్చి నాయనమ్మ చేతిలో పోసేవాడు. మనుమని తొలి సంపాదనమని ఆమె మురిసి మిఠాయి పంచిపెట్టినది. రత్నముల వర్తకము చేసిన కుటుంబము గవ్వలతో మళ్ళీ లెక్క మొదలుపెట్టుటకు సిగ్గుపడలేదు.

అట్టి బాలుడు యౌవనమున దారి తప్పినాడు. జౌన్‌పూరుకు తిరిగివచ్చిన పిమ్మట పదునాలుగేండ్ల వయస్సులో పండితుని వద్ద నిఘంటువు, జ్యోతిషము, అలంకారశాస్త్రము చదివినాడు. భానుచంద్రుడనే ముని వద్ద ధర్మపాఠములు నేర్చినాడు. ఒక ప్రక్క ఈ చదువు సాగుతుండగనే మరియొక ప్రక్క ప్రేమవ్యవహారములలో మునిగినాడు. తండ్రి పెట్టెలోని రత్నములను దొంగిలించి కానుకలిచ్చినాడు. శృంగారము నిండిన వేయి పద్యముల కావ్యమొకటి వ్రాసినాడు. అత్తవారింటికి వెళ్ళినప్పుడు ఒళ్ళంతా పుండ్లు పడి, చూచినవారు ముక్కు మూసుకొనే వ్యాధి వచ్చినది. బంధువులు దగ్గరకు రాలేదు. భార్య, అత్తగారు మాత్రము అసహ్యించుకొనక సేవ చేసినారు. మంగలి ఒకడు మందు వేసి నెలల తరబడి పథ్యము పెట్టి బ్రతికించినాడు. బ్రతికి లేచినవాడు వెంటనే మారలేదు. మళ్ళీ పాత దారినే పోయినానని అతడే వ్రాసినాడు.

ఒక సన్న్యాసి వచ్చి మంత్రమొకటి ఇచ్చి, మరుగుదొడ్డిలో కూర్చొని ఏడాదిపాటు రహస్యముగా జపిస్తే, ఆ తరువాత ప్రతిదినము వాకిట బంగారు నాణెము దొరుకుతుందన్నాడు. బనారసీదాసు ఒక్కనాడు తప్పకుండ యేడాది జపించినాడు. గడువు తీరిన మరునాడు పొద్దుననే వాకిలి వెతికినాడు. ఏమియు లేదు. మరునాడును చూచినాడు. అప్పటికి గాని మోసము తెలియలేదు. ఇంకొక జోగి శంఖమిచ్చి సదాశివుడన్నాడు. దానికి కూడ కొంతకాలము పూజ సాగినది. ఆ యువకునికి పట్టుదల తక్కువ కాదు. యేడాది పొడుగున దుర్గంధములో కూర్చొనగలవానికి ఓర్పు లేదనుట ఎట్లు? ఉన్న పట్టుదలకు తగిన పని మాత్రము ఇంకను దొరకలేదు.

1605లో అక్బరు చక్రవర్తి ఆగ్రాలో మరణించినాడు. ఆ వార్త జౌన్‌పూరు చేరిన వేళ బనారసీదాసు ఇంటి మెట్లమీద కూర్చొని ఉన్నాడు. విన్న వెంటనే మూర్ఛపోయి దొర్లిపడినాడు. నొసలు పగిలి నేల నెత్తురైనది. తల్లి బట్ట కాల్చి బూడిద అద్ది కట్టు కట్టినది. ఊరంతా అల్లకల్లోలమైనది. దుకాణములు మూసినారు. నగలు భూమిలో పాతినారు. ధనికులు ముతకబట్టలు కట్టుకొని పేదలవలె తిరిగినారు. పది దినములకు జహంగీరు సింహాసనమెక్కిన వార్త రాగా ఊరు ఊపిరి పీల్చుకొన్నది. మంచముమీద పడుకొన్న బనారసీదాసుకు మాత్రము ఒక ఆలోచన పట్టుకొన్నది. తాను పడిపోయినప్పుడు ఆ శంఖము తనకేమి ఉపకారము చేసినది? ఎవరో ఏదో ఇస్తారన్న ఆశమీద పెట్టిన పూజ నాటితో ముగిసినది.

కొంతకాలమునకు ఒక సాయంకాలము గోమతీనది వంతెనమీద మిత్రులకు తన వేయి పద్యముల కావ్యము చదివి వినిపిస్తున్నాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయినాడు. ఒక అబద్ధమాడితేనే నరకమంటారే, వేయి అబద్ధములు కూర్చినవాని గతి ఏమిటని తోచినది. చేతిలోని తాటాకుల కట్టవంటి ఆ కాగితములను నదిలోనికి విసరినాడు. మిత్రులు అయ్యయ్యో అన్నారు. కాగితములు విడివిడిగా తేలిపోయినవి. ఆ మరునాటినుండి ప్రతిదినము జినమందిరమునకు పోవుట, సామాయికము చేయుట, వ్రతనియమములు పాటించుట ప్రారంభమైనది. తండ్రి సంతోషించినాడు. లోకము మాత్రము ఆశ్చర్యపడి చూచినది.

మంచివాడైనంత మాత్రమున వ్యాపారము కలిసిరాదు. 1610లో, ఇరువదినాలుగవ యేట, తండ్రి అతని చేతిలో సరుకు పెట్టి ఆగ్రాకు పంపినాడు. రెండు ఉంగరములు, మాణిక్యములు, నీలములు, పచ్చలు, ఇరువది మణుగుల నేయి, రెండు సిద్దెల నూనె, రెండువందల రూపాయల జౌన్‌పూరు బట్టలు – ఇవన్నియు జాబితా వ్రాసి ఇచ్చినాడు. బండ్లు ఇటావా దగ్గరకు వచ్చేసరికి కుండపోతగా వాన కురిసినది. సత్రము నిండిపోయినది. ఊరిలో ఏ ఇంటి తలుపును తెరుచుకొనలేదు. కాళ్ళు బురదలో కూరుకొనిపోగా, అర్ధరాత్రి వేళ ఊరివాకిట కాపలావాండ్ల గుడిసె దొరికినది. గడ్డి పరచుకొని నడుము వాల్చగానే బలిష్ఠుడొకడు కొరడా పట్టుకొని వచ్చి ఆ చోటు తనదన్నాడు. వారు మారుమాటాడక లేచి వానలోనికి బయలుదేరినారు. అది చూచి ఆ మనిషికే జాలి కలిగినది. వెనుకకు పిలిచి, తాను మంచముమీద పడుకొని, వారికి మంచము క్రింద గోనె పరచి చోటిచ్చినాడు. లక్షణమైన రత్నములు నడుమున కట్టుకొన్న వర్తకుడు పరాయివాని మంచము క్రింద ఆ రాత్రి గడిపినాడు. తెల్లవారగానే బండ్లు మళ్ళీ కదిలినవి.

ఆగ్రాలో నేయి, నూనె అమ్మగా నాలుగు రూపాయల లాభము మిగిలినది. రత్నముల సంగతి వేరుగా ముగిసినది. కొన్నింటిని లాగు బొందులో ముడివేసికొనగా ఆ ముడి తెగి ఎక్కడనో జారిపోయినవి. కొన్ని మాణిక్యములు బట్ట చెంగున కట్టి ఉంచగా ఎలుకలు బట్టతో సహా ఎత్తుకొనిపోయినవి. అరువుకు ఇచ్చిన నగల ధర రాలేదు. ఒక్కొక్క నష్టము వినేసరికి ఒళ్ళు కాలి జ్వరము పట్టినది. నెలనాళ్ళు మంచము దిగలేదు. జాబు చదివిన తండ్రి జౌన్‌పూరులో తల పట్టుకొన్నాడు.

జ్వరము తగ్గిన తరువాత ఇంటిలోని సామాను ఒక్కొక్కటిగా అమ్ముకొని తిన్నాడు. అమ్ముటకు ఏమియు లేని రోజు వచ్చినది. బజారుకు పోవుటకు మొగము చెల్లక పగలంతా ఇంటనే ఉండేవాడు. రాత్రివేళ మధుమాలతి, మృగావతి అను కథాకావ్యములను రాగముతో చదివేవాడు. పది ఇరువదిమంది చేరి వినేవారు. వారిలో కచోరీలమ్మేవాడు ఒకడుండేవాడు. అతని దుకాణములోనే బనారసీదాసు రోజును అరువుపెట్టి తింటూ వచ్చినాడు. కొన్నాళ్ళకు అతనిని ఏకాంతముగా పిలిచి, తన వద్ద దమ్మిడీ లేదనీ, ఇకముందు అరువు ఇవ్వవద్దనీ, ఇచ్చినది తిరిగి రాకపోవచ్చుననీ ఉన్న మాట చెప్పినాడు. కచోరీలవాడు కోపగించలేదు. ఇరువది రూపాయల వరకు తినవచ్చుననీ, అడిగేవాడు ఎవడును ఉండడనీ, మనసుకు నచ్చినచోటికి నిశ్చింతగా పోయి రమ్మనీ అన్నాడు. ఆరేడు నెలలు ఆ తిండి సాగినది. తరువాత బంధువొకడు తన ఇంటికి తీసికొనిపోయినాడు. ధర్మదాసు అనే వర్తకునితో పాలు కలిసి ఐదువందల రూపాయల పెట్టుబడితో వ్యాపారము మొదలైనది. చేతిలో డబ్బు ఆడగానే బనారసీదాసు చేసిన మొదటి పనులలో ఒకటి కచోరీల బాకీ తీర్చుట. మొత్తము పదునాలుగు రూపాయలు.

ఈ పదునాలుగు రూపాయల లెక్క అతని జీవితములో చిన్నది కాదు. అంతవరకు అతడు నష్టము వచ్చినప్పుడు మొగము దాచుకొన్నాడు. మొదటిసారిగా తన నష్టమును తానే నోరు తెరచి చెప్పినాడు. చెప్పిన తరువాత ఆకాశము విరిగిపడలేదు. రేపటి భోజనము దొరికినది.

రెండేండ్లు గడిచేసరికి వచ్చినది ఖర్చుకు సరిపోయి పాలు విడిపోయినది. చేయి ఖాళీగా ఇంటికి పోతూ దారిలో ఖైరాబాదున అత్తవారింట ఆగినాడు. సంపాదన సంగతి అడిగినప్పుడు మొదట ఏదో సర్ది చెప్పినాడు. భార్య మొగము చూచి నిజము గ్రహించినది. తాను కూడబెట్టుకొన్న ఇరువది రూపాయలు తెచ్చి భర్త చేతిలో పెట్టి, అధైర్యపడవద్దన్నది. అంతటితో ఆగక తల్లికి రహస్యముగా చెప్పినది. ఆ తల్లి అల్లుని గౌరవమునకు భంగము రాకుండ, ఎవరికిని తెలియకుండ రెండువందల రూపాయలు సమకూర్చి ఇచ్చినది. బనారసీదాసు ఆ డబ్బుతో బట్టలు, ముత్యములు కొని మళ్ళీ ఆగ్రా దారి పట్టినాడు. ఆ బేరములోను నష్టమే వచ్చినది. అయినా అతడు ఇరువది రూపాయలను మరువలేదు. ముప్పది యేండ్ల తరువాత తన కథలో ఆ అంకెను అదే విధముగా వ్రాసినాడు.

ఆ భార్య ఎక్కువకాలము బ్రతకలేదు. ఖైరాబాదునుండి వచ్చిన ఒక్క జాబులోనే, ప్రసవమైన కొద్ది దినములకు బిడ్డయు ఆమెయు మరణించిన సంగతి ఉన్నది. ఆమె చెల్లెలిని అతనికి నిశ్చయించిన సంగతియు ఉన్నది. 1616లో తండ్రి పోయినాడు. ప్రాణస్నేహితుడు నరోత్తమదాసు పోయినాడు. సబలసింహుడనే ధనికునితో లెక్క తేల్చుకొనుటకు నెలల తరబడి అతని వాకిట పడిగాపులు పడినాడు. లోపల పాట కచేరీలు సాగుచుండగా బయట లెక్కల పుస్తకము పట్టుకొని కూర్చున్నాడు. చివరకు లెక్క తీరిపోయినది. ఒక ప్రయాణములో దొంగనాణెములు మార్చినారన్న అబద్ధపు నిందమీద తోడి బాటసారులతో కూడ పట్టుబడినాడు. పందొమ్మిదిమందిని కొరత వేయుటకు పందొమ్మిది కొయ్యలు తెప్పించినారు. ప్రక్క గ్రామమున బంధువులున్నారన్న సాక్ష్యము తెల్లవారేలోపల రుజువై ప్రాణములు దక్కినవి. జహంగీరు కాలమున ఆగ్రాలో ఎలుకలు రాలి, గడ్డలు లేచి జనము చచ్చిన మహమ్మారిని కూడ అతడు చూచినాడు. ప్రతిసారియు కొంతకాలము కుంగి, మళ్ళీ దుకాణము తెరచినాడు.

1623లో అతని చేతికి ఒక గ్రంథము వచ్చినది. అది కుందకుందాచార్యుల సమయసారము. ఆచార్యులవారి జన్మస్థలము అనంతపురము జిల్లాలో గుంతకల్లు సమీపమున ఉన్న కొనకొండ్ల అని తెలుగు జైనుల సంప్రదాయము. ప్రాకృతమున వెలసిన ఆ గ్రంథమునకు అమృతచంద్రసూరి సంస్కృతమున వ్యాఖ్య వ్రాసినాడు. దానిని రాజమల్లుడు దేశభాషలో వివరించినాడు. తెలుగునేల ఆచార్యుని మాట ఈ విధముగా ఎన్నో శతాబ్దులకు, ఎన్నో భాషలు దాటి, ఆగ్రా బజారులో దెబ్బతిన్న ఒక వర్తకునికి చేరినది.

చేరిన మాట మొదట సరిగా అందలేదు. ఆత్మ సహజముగా శుద్ధము, దేహమునకును కర్మకును అది వేరు అన్న నిశ్చయమును చదివి, అట్లైతే పూజలెందుకు, వ్రతములెందుకు అనుకొన్నాడు. ఉన్న నియమములన్నియు విడిచినాడు. ముగ్గురు మిత్రులతో కలిసి గదిలో తలుపులు వేసికొని, బట్టలు విప్పి, మేమును దిగంబర మునులమే అని నవ్వుతూ గంతులు వేసినాడు. దేవతలకు పెట్టిన నైవేద్యమును లెక్కచేయక తిన్నాడు. ఊరు నవ్వినది. సాధువులును గృహస్థులును అతని మతమునకు వెక్కిరింపు పేరు పెట్టినారు. పండ్రెండేండ్లు ఈ ఊగిసలాట సాగినది.

1635లో రూపచంద్రుడను పండితుడు ఆగ్రాకు వచ్చి జినమందిరమున గోమ్మటసారమును వివరించినాడు. ఇదియు దక్షిణదేశపు గ్రంథమే. శ్రవణబెళగొళమున బాహుబలి విగ్రహమును నిలిపిన గంగమంత్రి చాముండరాయని కొరకు నేమిచంద్ర సిద్ధాంతచక్రవర్తి రచించినది. మిథ్యాత్వమునుండి మోక్షపర్యంతము జీవుడెక్కే పదునాలుగు గుణస్థానములను, ఏ మెట్టుమీద ఉన్నవానికి ఏ నడవడి తగునో, ఆ గ్రంథము చెప్పుతుంది. రత్నవర్తకునికి ఆ మాట వెంటనే పట్టుబడినది. రాయిలో రత్నమున్నదనుట నిజమే. అయినా సానమీద పెట్టి, రోజును కొంచెము కొంచెముగా అరగదీయనిదే కాంతి బయటపడదు. తొలి మెట్టుమీద నిలుచున్నవాడు చివరి మెట్టు పేరు చెప్పుకొని గంతులు వేస్తే పడిపోతాడు. బనారసీదాసు తన తప్పు ఒప్పుకొని నడవడి దిద్దుకొన్నాడు. అప్పటికి అతనికి సుమారు ఏబదియేండ్లు. ఆ వయస్సున పదిమంది యెదుట నేను పొరబడినానని చెప్పి మళ్ళీ మొదటి పాఠమునుండి మొదలుపెట్టుట, ఇటావా వానరాత్రి నడకకంటె సులభమైన పని కాదు.

మరుసటి యేడు, 1636లో, షాజహాను ప్రభుత్వమున, అతడు సమయసార నాటకమును పూర్తిచేసినాడు. ఏడువందలకు పైగా పద్యములుగల ఆ గ్రంథము పండితుల కొరకే కాక అంగడిలో కూర్చొనేవాని కొరకును వ్రాసినట్లుంటుంది. నాటికిని నేటికిని స్వాధ్యాయ సభలలో దానిని చదువుతారు.

ఇంతవరకు వచ్చిన కష్టములకు ధనము, ఆరోగ్యము, పేరు మూల్యమైనవి. అన్నిటికంటె పెద్ద మూల్యము ఇంటిలో చెల్లినది. ముగ్గురు భార్యలవలన అతనికి ఏడుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు కలిగినారు. ఒక్కరొక్కరుగా ఎనమండుగురు పోయినారు. మిగిలిన ఒక్క కొడుకును తొమ్మిదేండ్లవానిని చేసి, 1639లో వానిని కూడ పోగొట్టుకొన్నాడు. ఇంటిలో భార్యయు తానును మిగిలినారు. ఆత్మ వేరు, దేహము వేరు అని ఏడువందల పద్యములలో వివరించినవాడు ఆ పిల్లవాని కొరకు ఏడ్చినాడు. తన గ్రంథము తనకు దుఃఖము లేకుండ చేసినదని అతడు చెప్పుకొనలేదు. మోహము ఎంత బలమైనదో, జ్ఞానియని పేరుపొందినవాడు కూడ దానికి ఎట్లు లోబడుతాడో వ్రాసినాడు. దాదాపు రెండేండ్లు ఆ దుఃఖములోనే గడచినవి.

ఆ పిమ్మట, 1641 మార్గశిరమాసమున, కలము పట్టి 675 పద్యములలో తన కథ వ్రాసి ముగించినాడు. మానవుని పూర్ణాయుస్సు నూటపది యేండ్లని లెక్కగట్టి, తాను గడిపినవి ఏబదియైదు గనుక దీనికి సగము కథయని పేరు పెట్టినాడు. తొమ్మిదిమందిని పోగొట్టుకొన్న తండ్రి, ముందు ఇంకను సగము దారి ఉన్నదని తలచి పెట్టిన పేరు అది.

గ్రంథము చివర జమాఖర్చు పట్టీ వంటిది ఒకటి ఉన్నది. ఒకవైపు తన గుణములు: కవిత్వము, క్షమ, సంతోషము, మంచి మాట, పలు భాషల పరిచయము. రెండవవైపు దోషములు: లక్ష్మిమీద లోభము, జపతపములలో అశ్రద్ధ, ఇల్లు కదలవలెనంటే అయిష్టము, లాభము వస్తే అతిగా పొంగుట, నష్టము వస్తే అతిగా కుంగుట, అవసరము లేని నవ్వులాట, విననివి విన్నట్టు చెప్పుట, ఒంటరిగా ఉన్నప్పుడు నాట్యమాడుట, అకారణమైన భయము. ఏ వైపును కొట్టివేయలేదు. మనుష్యులను ఉత్తములు, మధ్యములు, అధములని మూడు తెగలుగా చేసి, తనను మధ్యముల వరుసలో కూర్చోబెట్టుకొన్నాడు. గొప్పలు చెప్పుకొనుటయు, తనను తాను తిట్టుకొనుటయు లేని ఆ పట్టీ చూస్తే, కచోరీల దుకాణమువద్ద నిజము చెప్పిన యువకుడే గుర్తుకు వస్తాడు.

మిగిలిన సగము కథ వ్రాయుటకు వ్యవధి లేకపోయినది. ఆ తరువాత రెండేండ్లకే బనారసీదాసు మరణించినట్లు చెప్పుతారు. 1644లో జగజీవనుడను సాధర్మికుడు ఆగ్రాలో అతని చిన్న రచనలను ఏరి బనారసీవిలాసమను పేరుతో కూర్చినాడు. అర్ధకథానకము వ్రాతప్రతులలో మూడువందల యేండ్లు నిలిచి, 1943లో నాథూరామ ప్రేమీ పరిష్కరణముతో బొంబాయిలో అచ్చయినది. అప్పటినుండి ఇతర భాషలవారును దానిని చదువుతున్నారు.

అతడు కూడబెట్టిన ధనము వివరము ఎవరికిని అక్కరలేదు. మూడువందల ఎనుబది యేండ్ల తరువాత నిలిచినవి వేరే అంకెలు: నాయనమ్మ చేతిలో పోసిన గవ్వల కాసులు, కచోరీలవాని పదునాలుగు రూపాయలు, భార్య తెచ్చి పెట్టిన ఇరువది రూపాయలు. వీటిని ఇచ్చినవారెవరును గ్రంథములు వ్రాయలేదు. వారు ఇచ్చిన ధైర్యమును అతడు తన పుస్తకములో వారి పేర జమ కట్టినాడు. దీపావళినాటి రాత్రి పాత లెక్క మూసి కొత్త పుస్తకము మొదటి పుట మీద శ్రీకారము చుట్టేవారికి, నష్టము వచ్చిన యేటి లెక్క కూడ నిర్భయముగా వ్రాయవచ్చుననుటకు ఆగ్రా వర్తకుని ఈ పుస్తకము సాక్ష్యము.